ఓపికేనా, తెలివి కాదా?

"ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ" అంటే మురిసిపోతాం. ఆ మెప్పు వెనకాల ఏముందో ఎప్పుడైనా ఆలోచించామా?

వందేళ్లకు పూర్వం అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఆకాశం ఫొటోలు చూసి లెక్కలు కట్టే పనికి ఆడవాళ్లను పెట్టుకున్నారు. ఓపిగ్గా చేస్తారు, జీతమూ తక్కువే! టెలిస్కోపు మాత్రం మగవాళ్లది. ఆ ఆడవాళ్లలో ఒకరు హెన్రియెట్టా లీవిట్. కూలి గంటకు 30 సెంట్లు.

కొన్ని నక్షత్రాల వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అసలు కాంతి ఎక్కువున్న నక్షత్రానికి ఆ పెరిగి తరగడానికి ఎక్కువ రోజులు పడుతుందని 1912లో 25 నక్షత్రాలను పరిశీలించి ఆమె తేల్చింది. వీధి చివర మసగ్గా కనబడే బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు కదా! అదే కిటుకు. ఈ కొలబద్దతోనే ఆండ్రోమెడా మన పాలపుంతలోది కాదు, వేరే గెలాక్సీ అని హబుల్ నిరూపించాడు.

లీవిట్ ఫలితం వెలువడిన పత్రం కింద సంతకం పై అధికారి పికరింగ్‌ది. తయారుచేసింది ఆమేనని అందులో రాశాడు, అంతే. 1925లో స్వీడన్ గణితవేత్త ఒకాయన నోబెల్‌కు ఆమె పేరు సూచిద్దామనుకున్నాడు. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు దాటింది.

మన ఇళ్లల్లో మాత్రం? లెక్కల్లో నూటికి నూరు తెస్తే అబ్బాయిది "చురుకైన బుర్ర", అమ్మాయిది "శ్రద్ధ". ఈసారి ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు మాట మార్చి చూడండి. "నీకు మంచి బుర్ర ఉందే తల్లీ" అనండి. ఖర్చేముంది?