డైరెక్టర్‌గారు స్టోర్ రూమ్ చూశారా?

మ్యూజియంని తెలుగులో ప్రదర్శనశాల అంటారని నిఘంటువులో చూశాను. నాకు అంత నచ్చలేదు. అక్కడ చూపించేది కొంచెం, లోపల దాచేది చాలా.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 80 లక్షల వస్తువులు ఉన్నాయి. మన అమరావతి శిల్పాలు కూడా అక్కడే, అద్దాల వెనక. 2021లో ఒక వ్యాపారి, మీ వస్తువులు ఈబేలో అమ్ముతున్నారు అని వాళ్ళకి రాశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని జవాబు ఇచ్చారు. 2023 ఆగస్టులో నిజం బయటికి వచ్చింది. సుమారు 2,000 వస్తువులు పోయాయి, లేక పాడయ్యాయి. చాలావాటికి సరైన నమోదే లేదు! డైరెక్టర్ హార్ట్‌విగ్ ఫిషర్ రాజీనామా చేశారు.

ఆయన పెద్ద చదువు చదివారు, డ్రెస్డెన్‌లో మ్యూజియంలు నడిపారు. కానీ ఇప్పుడు డైరెక్టర్ అంటే విరాళాలు తేవాలి, భవనాలు బాగుచేయాలి. తర్వాత వచ్చిన నికొలస్ కల్లినన్‌గారికి కూడా నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీని బాగుచేయించిన పేరు ఉంది. మంచిదే. మరి లెక్క ఎవరు చూస్తారు?

మా గుడిలో వెండి సామాను పుస్తకం నేనే రాస్తాను. ఒకసారి కుందుల జతలో ఒకటి కనిపించలేదు. "ఎక్కడో ఉంటుందిలే అమ్మా" అన్నారు ఒక పెద్దాయన. నేనూ ఊరుకున్నాను. అది మళ్ళీ దొరకలేదు. ఇచ్చినవాళ్ళ అమ్మాయి వచ్చి అడిగితే నాకు తెలుగూ రాలేదు, ఇంగ్లీషూ రాలేదు.

నన్ను అడిగితే, డైరెక్టర్ పదవి ఇచ్చేముందు ఎవరినైనా సరే ఒక సంవత్సరం స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టి లెక్క రాయించాలి. చేత్తో.