మావారూ, లైట్‌హౌసూ

చలికాలం పొద్దున్నే భీమిలి తీరంలో మావారు ఫోటో తీస్తే లైట్‌హౌసు నా నెత్తిమీద మొలిచినట్టే పడుతుంది. నట్టనడుమ ఇద్దరం, గుంజల్లా! ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి పొడుస్తాడు. తీరం వెంబడి చూస్తూ నిలబడితే, ఆ ఏటవాలు వెలుగు పక్కనుంచి పడి తెల్లని స్తంభం గుండ్రంగా తేలుతుంది. దాన్ని ఓ వారకు జరిపి, మిగతా చోటు మంచుకీ సముద్రానికీ వదలాలి. కెమెరా మూతి పైకెత్తితే స్తంభం వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. దానికన్నా నాలుగడుగులు వెనక్కి నడవడం మేలు.

ఇదంతా చెబితే, "నువ్వు నవ్వుతూ నిలబడు, చాలు" అంటారు. మా ఆల్బంలో నేను లేని ఫోటో లేదు. నేను తీసింది ఒక్కటీ లేదు. ఈ సంక్రాంతికి కెమెరా నా చేతికిస్తేనే బీచికి వస్తానన్నాను. మీరూ అనండి!