రెఫరీ కన్నే గీటురాయి కావాలి

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్, హ్యాండ్‌బాల్ నిబంధనలు గాడి తప్పాయి. ప్రీమియర్ లీగ్‌లో వారం వారం సాగే రగడకు మందు ప్రీమియర్ లీగ్‌లో దొరకదు. దానికి ఎన్నో మెట్ల కింద, కెమెరాలు లేని మైదానాల్లో, నాన్‌లీగ్‌లో దొరుకుతుంది. అక్కడి రెఫరీ తన కంటితో చూసి, ఈల ఊది అమలు చేయగలిగిన నిబంధనే పుస్తకంలో ఉండాలి. చేయలేనిదాన్ని కొట్టేయాలి.

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, దాని దిగువన మూడు డివిజన్లు కలిపి 92 క్లబ్బులు. ఆ లెక్కలోకి రానివన్నీ నాన్‌లీగే. ఎక్కువమంది ఆటగాళ్లకు పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. ప్రపంచంలోనే అతి పాత ఫుట్‌బాల్ క్లబ్, 1857లో పుట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సీ ఇప్పటికీ ఆ శ్రేణిలోనే ఆడుతోంది. ఆ దేశం తరతరాలుగా చెప్పుకొనే జ్ఞాపకాల్లో కొన్ని పెద్ద స్టేడియాల్లో పుట్టినవి కావు. 1972 ఫిబ్రవరి 5న ఎఫ్ఏ కప్‌లో సదరన్ లీగ్ జట్టు హెరిఫర్డ్, అగ్రశ్రేణి న్యూకాజిల్‌ను 2-1తో ఓడించింది. దుక్కి దున్నినట్టున్న బురద మైదానంలో, వడ్రంగి పని చేసుకునే రోనీ రాడ్‌ఫర్డ్ దూరం నుంచి కొట్టిన బంతి గోల్ పైమూలకు దూసుకెళ్లింది. మరుక్షణం పిల్లలు, పెద్దలు కంచెలు దాటి మైదానంలోకి ఉరికారు. అదనపు సమయంలో రికీ జార్జ్ గెలుపు గోల్ చేశాడు. 1989 జనవరిలో సటన్ యునైటెడ్ చేతిలో కోవెంట్రీ సిటీ ఓడింది. అంతకు రెండేళ్ల ముందే ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టు కోవెంట్రీ. ఆ రోజుల్లో గోల్ పడితే సంబరం అప్పటికప్పుడే. లైన్స్‌మన్ జెండా లేచిందా లేదా అని ఒకసారి చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు పెద్ద మైదానాల్లో గోల్ పడ్డాక ప్రేక్షకుడు అరవాలో ఆగాలో తెలియక తెర వైపు చూస్తున్నాడు. అతని నుంచి లాక్కున్నది చిన్న విషయం కాదు.

నాన్‌లీగ్ జ్ఞాపకాల గూడు మాత్రమే కాదు, ఒకప్పుడు నిబంధనల ప్రయోగశాల కూడా. ఫ్రీ కిక్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ ఉండకూడదనే ఆలోచనను 1987-88లో నాన్‌లీగ్ అగ్రశ్రేణి అయిన కాన్ఫరెన్స్‌లో ఒక సీజన్ పాటు పరీక్షించారు. దాడి చేసే జట్టు ఆటగాళ్లు గోల్‌కీపర్ ముందే గుంపుగా నిలబడటం మొదలుపెట్టారు. ఆ ఆలోచన అక్కడితో సరి. త్రో-ఇన్ బదులు కాలితో బంతిని లోపలికి కొట్టే పద్ధతిని 1994-95లో ఇస్మియన్ లీగ్‌లో చూశారు, అదీ నిలవలేదు. ఇలా వీగిపోవడం వల్లే ఆటకు మేలు జరిగింది. చెడ్డ ఆలోచన చిన్న మైదానంలోనే బయటపడింది, లోకమంతటి మీదా పడలేదు.

2019లో హ్యాండ్‌బాల్ నిబంధన మార్చినప్పుడు మాత్రం ఈ క్రమం తలకిందులైంది. అంతకుముందు ప్రశ్న ఒక్కటే: చేయి కావాలని తగిలిందా, లేదా? జవాబు రెఫరీ విచక్షణకు వదిలేవారు. కొత్త నిబంధన ప్రకారం దాడి చేసే జట్టులో ఎవరి చేతికి పొరపాటున బంతి తగిలినా, దాని నుంచి గోల్ వస్తే చెల్లదు. డిఫెండర్ చేయి శరీరాన్ని అసహజంగా పెద్దది చేసిందా అనే కొలత ముందుకొచ్చింది. పరుగెత్తేవాడికి, ఎగిరేవాడికి, జారిపడేవాడికి చేతులు ఒంటికి అతుక్కుని ఉండవు. ఆ మాట మైదానంలో పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు.

ఫలితం ఏమైంది? 2020 సెప్టెంబరులో టాటెన్‌హామ్, న్యూకాజిల్ మ్యాచ్ ఆఖరి క్షణాల్లో ఎరిక్ డయర్ వెనక్కి తిరిగి ఉండగా, తలతో కొట్టిన బంతి వెనుక నుంచి వచ్చి అతని చేతికి తగిలింది. వీడియో చూసి పెనాల్టీ ఇచ్చారు, మ్యాచ్ 1-1తో ముగిసింది. లాభపడిన న్యూకాజిల్ మేనేజర్ స్టీవ్ బ్రూసే ఈ నిబంధనను తప్పుబట్టాడు. 2021 మార్చి 4న ఫుల్‌హామ్ గోల్ ఒకటి రద్దయింది. ప్రత్యర్థి డిఫెండర్ అతి దగ్గర నుంచి తన్నిన బంతి మారియో లెమినా చేతికి తగలడం, అది సహచరుడు గోల్ చేయడానికి అందిరావడం, నేరమంతా ఇదే. మర్నాడే నిబంధనల మండలి సమావేశమై, సహచరుడి చేతికి పొరపాటున తగిలితే ఇకపై తప్పు కాదని తీర్మానించింది. ముందే ఒక నాన్‌లీగ్ సీజన్‌లో పరీక్షించి ఉంటే ఈ రెండేళ్ల గందరగోళం ఉండేది కాదు. ఆ సవరణ కూడా సగమే. ‘శరీరం పెద్దది చేయడం’ అనే కొలత అలాగే మిగిలింది. అందుకే పెనాల్టీ ప్రాంతంలో డిఫెండర్లు చేతులు వెనక్కి కట్టుకుని పరుగెత్తే దృశ్యం చూస్తున్నాం. కావాలని చేసినదే తప్పు అనే పాత సూత్రానికి తిరిగి వెళ్లాలి. 2010 ప్రపంచ కప్‌లో ఘనాపై సువారెజ్ గోల్ గీత దగ్గర చేతులతో బంతిని ఆపినప్పుడు ఎర్ర కార్డు, పెనాల్టీ ఇవ్వడానికి రెఫరీకి ఈ కొలతలేవీ అవసరం కాలేదు.

ఇక ఆఫ్‌సైడ్. 1863 నాటి తొలి నిబంధనల్లో బంతికి ముందున్న ఆటగాడికి ఆటలో చోటే లేదు. 1866లో ముగ్గురు ప్రత్యర్థులు ముందుంటే చాలన్నారు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్ గోల్స్ ఒక్క సీజన్‌లో 1,192 నుంచి 1,703కు పెరిగాయి. 1990లో డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆఫ్‌సైడ్ కాదన్నారు. అంటే శతాబ్దానికి పైగా ప్రతి పెద్ద మార్పూ దాడి చేసేవాడికి ఊపిరి పోసింది. గోల్ దగ్గర కాపు కాసి అక్రమంగా లాభం పొందేవాణ్ని ఆపడమే ఈ నిబంధన ఉద్దేశం. 2019 నవంబరులో ఆస్టన్ విల్లాపై ఫర్మీనో గోల్‌ను చంక దగ్గర గీత గీసి రద్దు చేసినప్పుడు ఆ ఉద్దేశం ఎక్కడుంది? చంక ముందుండటం వల్ల అతనికి వచ్చిన లాభమేమిటి?

పైగా ఆ కొలతలోనే లోపముంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఆటగాడు ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు 20 సెంటీమీటర్లు కదులుతాడు. బంతి కాలిని వీడిన క్షణం ఆ రెండింటి మధ్య ఎక్కడుందో తెలియకుండా మిల్లీమీటర్లలో తీర్పు చెప్పడం ఖచ్చితత్వం అనిపించుకోదు. 2022 ప్రపంచ కప్ నుంచి బంతిలో సెన్సర్, పైకప్పు కింద డజను కెమెరాలు వచ్చాయి నిజమే. అవి కొలతను మెరుగుపరచగలవు, కొలవాల్సింది చంకను కాదన్న మాటను మార్చలేవు.

క్రికెట్ చూసే మన పాఠకులకు ‘అంపైర్స్ కాల్’ కొత్త కాదు. అంచు మీద సందేహం ఉంటే మైదానంలోని అంపైర్ తీర్పే నిలుస్తుంది. ఫుట్‌బాల్‌కు కావలసిందీ అదే. రీప్లేను గీతలు లేకుండా, మామూలు వేగంతో చూడాలి. తప్పు స్పష్టంగా కనబడకపోతే లైన్స్‌మన్ జెండాదే తుది మాట. దాడి చేసేవాడికీ డిఫెండర్‌కూ మధ్య ఖాళీ కనబడితేనే ఆఫ్‌సైడ్ అనాలన్న ఆర్సెన్ వెంగర్ ప్రతిపాదన మంచి ఉద్దేశంతో వచ్చిందే. కానీ గీతలు గీసే అలవాటు పోనంతవరకు అది మిల్లీమీటర్ల తగాదాను చంక దగ్గర నుంచి మడమ దగ్గరికి జరుపుతుంది, అంతే.

కోట్ల పౌండ్లు ముడిపడిన ఆటలో కంటి మీద ఆధారపడగలమా అని అడిగేవాళ్లున్నారు. కెమెరా మానేయమని మేం అనడం లేదు. 1986లో మారడోనా చేతి గోల్ రెఫరీ కంటపడలేదు. చూపితే ఎవరికైనా కనబడేదాన్ని చూపడం కెమెరా పని. చూపినా కంటికి ఆననిదాన్ని కొలవడం దాని పని కాదు. డబ్బున్న లీగ్‌కు ఒక నిబంధన, లేని లీగ్‌కు ఒకటి పెట్టుకోమనడం అంతకన్నా అన్యాయం. ఆటకున్న 17 నిబంధనలూ వెంబ్లీకి, ఊరి మైదానానికి ఒక్కటే కావడం ఫుట్‌బాల్ గొప్పతనం. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీమ్ పనిచేసిన హైదరాబాద్‌లో, తులసీదాస్ బలరాం పెరిగిన సికింద్రాబాద్ అమ్ముగూడలో ఇవాళ బంతి తన్నే పిల్లలకూ అవే 17 నిబంధనలు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది కింది స్థాయి రెఫరీ పరిస్థితి. చిన్న లీగుల్లో జెండా పట్టేది చాలాసార్లు ఏదో ఒక క్లబ్బుకు చెందిన రిజర్వ్ ఆటగాడో, ఎవరి తండ్రో. శనివారం టీవీలో వేలికొన తేడాకు గోల్ రద్దవడం చూసినవాళ్లు, ఆదివారం ఆ ఒంటరి రెఫరీ నుంచి అంతే సూక్ష్మం ఆశిస్తారు. దక్కకపోతే మీద పడతారు. రెఫరీలపై దాడులు, దూషణలు పెరిగి 2023లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం వారి ఒంటికి కెమెరాలు తగిలించి పరీక్షించాల్సి వచ్చింది. అమలు చేయలేని నిబంధన చేతికిచ్చి, అమలు చేయలేదని తిట్టించడం మనుషుల పట్ల క్రూరత్వం.

నిబంధనల మండలిలో మొత్తం ఎనిమిది ఓట్లు. నాలుగు ఫిఫావి, నాలుగు ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ సంఘాలవి. మార్పుకు ఆరు కావాలి. నాన్‌లీగ్ క్లబ్బుల బాగోగులు కూడా చూడాల్సిన ఇంగ్లండ్ సంఘమే ముందు చేయి ఎత్తాలి. హ్యాండ్‌బాల్‌లో ఉద్దేశాన్నే ప్రమాణం చేస్తూ, ఆఫ్‌సైడ్‌లో గీతలను రద్దు చేస్తూ వచ్చే వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టాలి. 1987లో మాదిరిగా ఆ రెండింటినీ ముందు నాన్‌లీగ్ అగ్రశ్రేణి అయిన నేషనల్ లీగ్‌లో ఒక పూర్తి సీజన్ ఆడించి, అక్కడి రెఫరీలు రాసిచ్చిన నివేదికను ఓటింగ్‌కు ముందే బయటపెట్టాలి.