గృహ నిర్వాహకత్వము: వైఫై పెట్టెకు వైరు అవసరమా?



ఈ దినములలో పల్లెలకు సహితము ఇంటర్నెట్ చేరుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్ ప్రారంభమైనది మొదలు అనేక గ్రామములలోనికి కరెంటు స్తంభముల మీదుగా ఫైబర్ తీగ వచ్చినది. పిల్లల చదువులు, గల్ఫ్ దేశములలో కష్టపడుచున్న కుమారుని పలకరింపు, అన్నియు దానిమీదనే సాగుచున్నవి. అయితే ఆ తీగ ముందు గదిలోనే ఆగిపోవును. అవ్వ పడుకొను వెనుక గదిలో మాట తెగిపోవును, మనుమని ముఖము తెరమీద బిగుసుకొనిపోవును. అప్పుడు దుకాణదారుడు మెష్ వైఫై అను మూడు పెట్టెల సెట్టు చూపించి, వాయిదాల మీద తీసికొనుమనును. గోపురము కట్టబూనినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు నేర్పెను గదా! గనుక మనమును లెక్క చూతము.

మెష్ అనగా ఒక పెద్ద రౌటర్, దానికి సహాయకులుగా ఒకటి రెండు చిన్న పెట్టెలు. ఇల్లంతటికి ఒకే పేరుతో సిగ్నల్ ఇచ్చుట వీటి పని. ఈ పెట్టెలు తమలో తాము రెండు విధములుగా మాట్లాడుకొనగలవు: గాలిలోనైనను, వైరు ద్వారానైనను.

గాలిలో మాట్లాడుకొనుట సులువు. గోడకు రంధ్రము వేయనక్కరలేదు, ప్లగ్గు పెట్టిన చాలును. కాని ఒకే రేడియో అటు రౌటర్‌తోను ఇటు మన ఫోనుతోను వంతులవారీగా మాట్లాడవలసివచ్చిన యెడల గాలిలోని వేగము ఇంచుమించు సగమునకు తగ్గును. మూడు బ్యాండులు గల సెట్లలో పెట్టెల మధ్య మాటకు వేరే రేడియో కేటాయించవచ్చును గాని వాటి ఖరీదు ఎక్కువ. అయినను భయపడనక్కరలేదు. వీడియో కాల్‌కు ఒకటి రెండు మెగాబిట్ల వేగము చాలును. మన ప్లాను 30, 40 మెగాబిట్లదే అయితే, పెట్టెల మధ్య సిగ్నల్ బలముగా ఉన్నంతవరకు ఆ సగము నష్టము మనకు తెలియదు.

అసలు చిక్కు గోడలతో వచ్చును. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగము గలది గాని గోడ దాటునప్పుడు బలహీనపడును, 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది గాని దూరము పోవును. రాతి గోడలు, కాంక్రీటు, ఇనుప బీరువా, నీళ్ల తొట్టి ఇవన్నియు అడ్డంకులే. అందుచేత చిన్న పెట్టెను సిగ్నల్ అందని గదిలో పెట్టరాదు. తనకే అందనిది అది ఇతరులకు ఎట్లు ఇయ్యగలదు? రౌటర్‌కును ఆ గదికిని మధ్యన, సిగ్నల్ ఇంకను బాగుగా ఉన్న చోట పెట్టవలెను.

మధ్యలో రెండు మూడు మందపు గోడలు ఉన్న ఇంటికి, మేడ ఉన్న ఇంటికి వైరే మేలు. గోడలు ఎన్ని ఉన్నను వైరుకు లెక్కలేదు. క్యాట్ 5ఇ లేక క్యాట్ 6 వైరు 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ మోయగలదు. కొనునప్పుడు స్వచ్ఛమైన రాగి తీగ అడుగుడి. అల్యూమినియముపై రాగి పూత పూసినది చవక గాని త్వరగా విరుగును. దానిని కరెంటు వైరుతో ఒకే పైపులో దూర్చవద్దు. వేరుగా ప్లాస్టిక్ పైపులో వేసినయెడల ఎలుకల బాధయు తగ్గును. మీయొద్ద పాత రౌటర్ ఉన్నయెడల, అనేక రౌటర్లను యాక్సెస్ పాయింట్‌గా మార్చి ఈ వైరుకే తగిలించవచ్చును. అట్లయిన క్రొత్త సెట్టు అప్పు తప్పును.

అయితే ఒక హెచ్చరిక. పెరటి అవతల విడిగా ఉన్న ఇంటికో, పశువుల పాకకో రాగి వైరును ఆరుబయట లాగవద్దు. సమీపమున పిడుగు పడినప్పుడు ఆ వైరు వెంట విద్యుత్తు వచ్చి పెట్టెలను కాల్చవచ్చును, దగ్గర ఉన్నవారికిని ప్రమాదమే. అట్టి చోట ఫైబర్ తీగ గాని, గాలిలో సంబంధము గాని క్షేమము. అద్దె ఇంటివారికిని గోడలు తొలచనక్కరలేని గాలి పద్ధతియే అనుకూలము.

ఏదియు కొనకముందు రౌటర్‌ను మూల నుండి ఇంటి మధ్యకు, బీరువా వెనుక నుండి ఎత్తైన చోటికి మార్చి రెండు దినములు చూడుడి. చిన్న ఇంటికి తరచుగా అంతమాత్రమే చాలును. కరెంటు పోయినప్పుడు ప్రతి పెట్టెకు బ్యాటరీ కావలెనన్నదియు లెక్కలో వేసికొనుడి.

తల్లిదండ్రులకు మరియొక మాట. ప్రతి గదికి సిగ్నల్ చేరినప్పుడు ప్రతి గది తలుపు లోకమునకు తెరవబడినట్లే. పిల్లవాడు ఏ గదిలో, ఏ జామున, ఏమి చూచుచున్నాడో పెట్టె చెప్పదు, మనము కనిపెట్టవలెను. కుటుంబ ప్రార్థన వేళకు ఫోన్లన్నియు ఒక చోట పెట్టి కూర్చుండుడి. అవ్వ గదికి సిగ్నల్ చేర్చుట మంచిదే. అవ్వ మంచము ప్రక్కన దినమునకు పది నిమిషములు కూర్చుండుట అంతకన్న మంచిది. దానికి వైరు లేదు, వాయిదా లేదు.