చక్రం ఆగింది, బండి ఆగలేదు

మొన్నటి వానలో అదాలత్ నుంచి కాజీపేట వైపు వెళ్తున్నాం. బండి నేను నడుపుతున్నా, వెనక తమ్ముడు. స్పీడు 40 కూడా లేదు. ముందు ఆటో సడెన్‌గా ఆగింది. కంగారులో వెనక బ్రేకు గట్టిగా తొక్కేశా. చక్రం ఠక్కున ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. వెనక భాగం పక్కకు జారి ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. నాకు మోచెయ్యి, వాడికి మోకాలు గీరుకుపోయాయి. వెనక లారీ ఏదీ రాలేదు కాబట్టి ఈ వారం ఇది రాస్తున్నా.

మెకానిక్ అన్న టైరు నిమిరి చూసి, "తమ్మీ, గుండు లెక్క నున్నగైంది, సూస్కోలేదా?" అన్నాడు.

నిజానికి సిగ్గేసింది. ఎంసెట్ కోసం దొర్లే సిలిండర్ల లెక్కలు ఎన్ని చేశానో! ఘర్షణ అంటే కదలికను ఆపేది అని బట్టీ పట్టాం. రోడ్డు మీద అది మనల్ని కాపాడేది అని మాత్రం బుర్రకెక్కలేదు.

ఒక ప్రశ్న. 50 స్పీడులో పోయే బండి టైరు, సరిగ్గా రోడ్డుకు తగిలే చోట ఎంత స్పీడులో ఉంటుంది? సున్నా! బండితో పాటు చక్రం 50తో ముందుకు పోతుంది. తిరగడం వల్ల కింది అంచు 50తో వెనక్కి పోతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. పై అంచు దగ్గర రెండూ కలిసి 100 అవుతుంది. నమ్మకపోతే, పక్క నుంచి పోయే సైకిల్‌ను సాయంత్రం వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. కింది పుల్లలు కాస్త స్పష్టంగా, పైవి అలికేసినట్టు కనిపిస్తాయి.

అంటే దొర్లే టైరు రోడ్డు మీద జారదు, మన పాదంలా అడుగులు వేస్తుంది. అలా జారకుండా పట్టి ఉంచేది స్థైతిక ఘర్షణ. చక్రం లాక్ అయితే అడుగులు ఆగి రబ్బరు ఈడ్చుకుపోతుంది. అప్పుడు మిగిలేది గతిక ఘర్షణ, దాని పట్టు తక్కువ. పైగా జారే టైరు బండిని పక్కకు పోకుండా ఆపలేదు. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది కదా, తేలికైన వెనక చక్రం ఇంకా తొందరగా లాక్ అవుతుంది. మాకు జరిగింది అదే.

లెక్క చూడండి. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, 50 స్పీడు నుంచి ఆగడానికి సుమారు 14 మీటర్లు కావాలి. తడికి పట్టు సగమైతే 28. మనం తేరుకుని బ్రేకు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం, సెకనుకు 14 మీటర్లు. టైరు గాళ్లు నీళ్లను బయటికి తోసేస్తాయి. అవి అరిగిపోతే రబ్బరుకు, రోడ్డుకు మధ్య నీళ్లే మిగులుతాయి.

ఏబీఎస్ చేసేది కూడా ఇదే. చక్రం లాక్ కాబోతుంటే సెకనులో చాలాసార్లు బ్రేకు వదిలి పట్టుకుంటుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు అది తప్పనిసరి. నాది 2016 మోడల్, లేదు.

మా కాజీపేటలో రైలింజన్లు చూస్తూ పెరిగాం కదా, వాటిలో ఇసుక పెట్టెలుంటాయని తెలుసా? పట్టాలు తడిసి చక్రాలు జారితే, వాటి ముందు ఇసుక పోస్తారు. అంత బరువున్న ఇంజనుకే పట్టు కోసం ఇసుక కావాలి!

మన దగ్గర ఇసుక లేదు. కాబట్టి తొలి వానకు, దుమ్ము, ఆయిల్ కలిసి రోడ్డు జిగటగా ఉన్నప్పుడు, స్పీడు తగ్గించండి. ముందు బండికి దూరం పెంచండి. రెండు బ్రేకులూ మెల్లగా, కలిపి నొక్కండి. టైరు గాళ్ల మధ్య టీడబ్ల్యూఐ గుర్తు దగ్గర ఉండే చిన్న గట్టు, పైరబ్బరుతో సమానమైతే టైరు మార్చండి.

నేను రెండు టైర్లూ మార్చేశా. ఇప్పుడు ఆ బండి మీద తమ్ముడు కాలేజీకి పోతున్నాడు. వాడు బయల్దేరేటప్పుడు అమ్మ "జాగ్రత్త బిడ్డా" అంటుంది. నేను మాత్రం "చక్రాన్ని ఆగనియ్యకురా, దొర్లనీ" అంటున్నా.