జెర్రి కాళ్ళ లెక్క

గడచిన సంచికలో ఈ శీర్షిక క్రింద మేము ఒక పొరపాటు చేశాము. పడమటి కనుమల అంచున పనిచేస్తున్న మన సహోద్యోగి ఒకరి కుటుంబం, తమ క్వార్టరు వెనుక పుచ్చిన దుంగ క్రింద కనిపించిన జెర్రి ఛాయాచిత్రాన్ని పంపి, దాని పేరేమిటని అడిగింది. చిత్రాన్ని చూచి, అది స్కాలోపెండ్రా ప్రజాతికి చెందినదని మేము తడుముకోకుండా వ్రాశాము. ఈ నెల శిక్షణ నిమిత్తం వచ్చిన ఆ సహోద్యోగి, స్పిరిటు పోసిన ఒక జామ్ సీసాను మా బల్లమీద ఉంచారు. పెరటిలోని నీళ్ళ బకెట్టులో పడి చనిపోయిన మరొక జెర్రి అందులో ఉన్నది. దుంగ క్రింద చూచినదీ ఇదీ అచ్చు ఒకే విధంగా ఉన్నాయట. సీసాతోపాటు తొమ్మిదవ తరగతి చదువుతున్న వారి అమ్మాయి వ్రాసిన చీటీ కూడా ఉన్నది: "సంపాదకులవారికి నమస్కారములు. పత్రికలో స్కాలోపెండ్రా అని వ్రాశారు. ఎలా తెలిసిందని మా సైన్సు టీచరుగారు అడిగారు. నేను చెప్పలేకపోయాను."

చెప్పలేకపోవడం ఆ అమ్మాయి దోషం కాదు. మాకూ తెలియదు. చూపుకు అలా అనిపించింది, వ్రాశాము. అందుచేత ఈసారి సమీప కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో అనుమతి తీసుకొని, సూక్ష్మదర్శిని క్రింద ఆ జెర్రిని పెట్టుకొని మొదటి నుండి మొదలుపెట్టాము.

మొదట కాళ్ళు. జెర్రికి సంస్కృతంలో శతపది అని పేరు. కాని సరిగ్గా నూరు కాళ్ళున్న జెర్రిని ఎవరూ చూచి ఉండరు. ఎదిగిన జెర్రికి కాళ్ళ జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. నూరు కాళ్ళంటే ఏభై జతలు, అది సరిసంఖ్య. జాతినిబట్టి 15 జతలు మొదలు 191 జతల వరకు ఉండవచ్చునుగాని ఏభై మాత్రం ఉండదు. ఖండానికి ఒక జత చొప్పున కాళ్ళుండటం జెర్రి లక్షణం. ముట్టుకుంటే చుట్టుకొనిపోయే రోకలిబండకు చాలా ఖండాలలో రెండేసి జతలుంటాయి. విషం కోరలు లేని ఆ జీవిని కూడా జెర్రి కోపంతోనే చెప్పుతో కొట్టడం మన కాలనీలలో నిత్యం జరిగేదే.

ఈ జతల సంఖ్యే జెర్రులను క్రమాలుగా విభజించడంలో మొదటి మెట్టు. పొడవైన సన్నని కాళ్ళతో గోడలమీద పరుగెత్తే వాటికి 15 జతలు. మట్టిలో దారంలా మెలికలు తిరిగే వాటికి 27 జతలు, ఆపైన. మనం మామూలుగా జెర్రి అని పిలిచే బలమైన వాటికి 21 గాని 23 గాని ఉంటాయి. ఇవి స్కాలోపెండ్రోమార్ఫా క్రమానికి చెందినవి. ఈ క్రమానికి కూడా 2008లో బ్రెజిల్ నుండి ఒక మినహాయింపు వర్ణింపబడింది. దానికి 39 లేదా 43 జతలు. గమనించండి, అవీ బేసి సంఖ్యలే. ఈ క్రమంలో తల్లి గ్రుడ్లను, పిల్లలను శరీరంతో చుట్టుకొని కాపాడుతుంది. పిల్లలు పూర్తి జతలతోనే బయటికి వస్తాయి కనుక వయస్సుతో నిమిత్తం లేకుండా లెక్క సరిపోతుంది.

లెక్కించేటప్పుడు తలక్రింద కొడవళ్ళవలె వంగి ఉన్న జతను కలుపకూడదు. అవి విషనఖాలు. పుట్టుకరీత్యా అవీ కాళ్ళే. మొదటి ఖండపు కాళ్ళు విషాన్ని ఎక్కించే పనిముట్లుగా మారిపోయాయి. కనుక జెర్రి కరిచింది అనడంకన్న, కాళ్ళతో గ్రుచ్చింది అనడం శాస్త్రీయం. అయితే ఆ బాధ అనుభవిస్తున్నవారికి ఈ సవరణవలన ఊరట కలుగదని మాకు తెలుసు.

మా సీసాలోని జెర్రికి కాళ్ళ జాడలు లెక్కిస్తే 21 జతలు వచ్చాయి. తలకు ఇరువైపుల నాలుగేసి చిన్న కన్నులు, నల్లని చుక్కల మాదిరిగా, కనిపించాయి. ఇదే క్రమంలో కన్నులు బొత్తిగా లేని క్రిప్టాప్స్ వంటివి కూడా ఉన్నాయి, అవి తొలగిపోయాయి. నాలుగేసి కన్నులున్నవి స్కాలోపెండ్రిడే కుటుంబానివి. ఇంతవరకు మా పాత తీర్పు నిలిచింది.

అది కూలినది శ్వాసరంధ్రాల దగ్గర. జెర్రి ప్రక్కలమీద, కొన్ని ఖండాలలో మాత్రమే, గాలి పీల్చే రంధ్రాలుంటాయి. స్కాలోపెండ్రా ప్రజాతిలో అవి త్రికోణాకారపు చీలికలు. మూసుకొనే రెప్పలవంటి మడతలు లోపల ఉంటాయి. మా జెర్రిని ప్రక్కకు త్రిప్పి చూడగా అక్కడ కనిపించినవి గుండ్రని, గిన్నెవంటి రంధ్రాలు. అంటే ఇది స్కాలోపెండ్రా కాదు, దాని దాయాదుల శాఖ అయిన ఒటోస్టిగ్మినే ఉపకుటుంబానిది. ఛాయాచిత్రం పైనుండి తీసినది. అందులో ఈ రంధ్రాలు కనిపించే అవకాశమే లేదు. కనిపించని లక్షణంమీద ఆధారపడిన పేరును మేము అచ్చువేశాము.

మమ్మల్ని మోసగించినది రంగు. నారింజ, నలుపు పట్టీలతో పెద్దపులిని తలపించే స్కాలోపెండ్రా హార్డ్‌వికీ వంటివాటికి రంగు కొంత సాయపడుతుంది. కాని 1758లో లినేయస్ పేరుపెట్టిన స్కాలోపెండ్రా మార్సిటాన్స్ ఒక్క జాతిలోనే రంగులు ఎన్నో విధాలు. పైగా స్పిరిటులో కొంతకాలం ఉంటే రంగు వెలిసిపోతుంది. వర్గీకరణ శాస్త్రజ్ఞులు రంగును సాక్షిగా పిలుస్తారుగాని, దాని మాటమీద తీర్పు చెప్పరు.

ఇక ప్రజాతి. కాళ్ళున్న ఏడవ ఖండంలో శ్వాసరంధ్రం ఉన్నదా అన్నది తరువాతి ప్రశ్న. ఉంటే రైసిడా, ఎత్‌మోస్టిగ్మస్ ప్రజాతుల వైపు వెళ్ళాలి. మాదానికి లేదు. అప్పుడు పడమటి కనుమల అడవులలో ప్రధానంగా ఆలోచించవలసినవి ఒటోస్టిగ్మస్, డిజిటిపెస్. ఈ రెండవది ఆఫ్రికాలోను, మన దేశంలోను కనిపించే ప్రజాతి. 1930లో వియన్నాకు చెందిన కార్ల్ ఆటెమ్స్ దీనిని స్థాపించాడు. పేరులోనే గుర్తు ఉన్నది: వ్రేలుగల కాలు అని అర్థం. మగ జెర్రి చిట్టచివరి కాళ్ళ జతలో, తొడ భాగం కొసన, లోపలివైపుగా వ్రేలివంటి చిన్న మొలక ఒకటి పొడుచుకొని ఉంటుంది. ఆడవాటికి అది ఉండదు.

జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కేమిటి అని మన పెద్దలు అంటుంటారు. నడకకు లెక్కలేకపోవచ్చును. చివరి జత కాళ్ళు అసలు నడకకు ఉపయోగపడేవే కావు. వెనుకకు సాగి ఉంటాయి. కాని వాటి ముళ్ళ సంఖ్య, అవి ఉండే స్థానం, తొడ ఆకారం ఇవన్నీ జాతుల చిరునామాలు. దురదృష్టవశాత్తు ప్రమాదంలో జెర్రి తేలికగా వదులుకొనే కాళ్ళలో అవీ ఉన్నాయి. పోయిన కాలు తరువాతి కుబుసాలతో తిరిగి మొలుస్తుందిగాని, కొత్త కాలిమీద ముళ్ళు ఉండవలసిన తీరులో ఉండవు. అటువంటి కాలును నమ్మి జాతిని నిర్ణయిస్తే మా వంటి పొరపాటే మళ్ళీ జరుగుతుంది.

మన జెర్రుల అధ్యయనంలో బి.ఎస్. జాంగీ పేరు ముఖ్యమైనది. 1966లో భారతీయ జెర్రి శరీర నిర్మాణంపై ఆయన వ్రాసిన గ్రంథం వెలువడింది. 1984లో దాస్‌తో కలిసి దక్కను ప్రాంతపు స్కాలోపెండ్రిడేలను వర్ణిస్తూ, డిజిటిపెస్‌లో పలు కొత్త జాతులకు పేర్లు పెట్టారు. తరువాత పడమటి కనుమలలో తిరిగి సేకరణ జరిపిన జాహ్నవి జోషి, శరీర లక్షణాలను డి.ఎన్.ఏ. సాక్ష్యంతో పోల్చి చూచారు. పైకి ఒకే విధంగా కనిపించేవాటిలో వేరు వంశాలు దాగి ఉన్నట్లు 2012లో తేలింది. 2013లో ఆమె, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియమ్‌కు చెందిన గ్రెగరీ ఎడ్జికోంబ్‌తో కలిసి ఈ ప్రజాతిని పునఃపరిశీలించి, పాత పేర్లలో ఏవి నిలుస్తాయో విచారించారు. కొత్తగా వర్ణించిన వాటిలో ఒకటి డిజిటిపెస్ జాంగీ, మరొకటి డిజిటిపెస్ పెరియారెన్సిస్. ఆమె ఇప్పుడు హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో ఈ పరిశోధన సాగిస్తున్నారు. తనకు ముందు నడచినవాని పేరును తాను కనుగొన్న జెర్రికి పెట్టడం మాకు చాలా నచ్చిన విషయం.

మా సీసాలోని జెర్రి సంగతి చెప్పాలి. దానికి చివరి జత కాళ్ళు రెండూ లేవు. బకెట్టులో పెనుగులాడినప్పుడు పోయాయో, అంతకు మునుపే పోయాయో చెప్పలేము. సీసా అడుగున కూడా వెదికాము.

ఆ అమ్మాయికి ఇట్లా జవాబు వ్రాశాము: స్కాలోపెండ్రా అన్నది తప్పు, ఒటోస్టిగ్మినే అన్నంతవరకు ఖాయం, ఆపైన ఈ ఒక్క నమూనాతో చెప్పలేము, మీ టీచరుగారు అడిగిన ప్రశ్న సరైనది. వచ్చే వానలలో మరొకటి కనిపిస్తే చంపవద్దని, చేతితో తాకవద్దని, నాన్నగారిని తోడు ఉంచుకొని వెనుక కాళ్ళు స్పష్టంగా పడేటట్లు ప్రక్కనుండి, పైనుండి చిత్రాలు తీయమని కూడా కోరాము. సీసాను కళాశాలవారు తమ అలమరలో ఉంచుకున్నారు. దొరికిన చోటు, నెల, 21 జతలు, చివరి జత లేదు, మగ ఆడ తెలియదు అని చీటీ అంటించాము.