రాజురా మొగ్గింది ఎటు? ప్రశ్నలోనే పొరపాటు

2024 నవంబరులో మహారాష్ట్రలోని రాజురా అసెంబ్లీ స్థానం బీజేపీ ఖాతాలో పడగానే, ఆదివాసీలూ సిమెంటు కార్మికులూ ఉన్న ప్రాంతం మితవాదం వైపు మొగ్గిందని తేల్చేశారు. 2025 సెప్టెంబరులో ఓటరు జాబితాలో దొంగ పేర్లు చేర్చారంటూ రాహుల్ గాంధీ రాజురా పేరెత్తాక, ఇది నిజానికి వామపక్ష స్వభావమున్న నియోజకవర్గమేనన్న వాదన బయల్దేరింది. జాబితా వివాదం తేలాల్సిన చోట తేలుతుంది. నా అభ్యంతరం ఈ రెండు వాదాలూ నమ్ముకున్న కొలబద్ద మీద.

2024 ఏప్రిల్‌లో పోలింగు జరిగిన, రాజురా కూడా భాగమైన చంద్రపూర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి ప్రతిభా ధానోర్కర్ రెండున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ పోలింగు జరిగిన ఏడు నెలల తర్వాత రాజురాలో బీజేపీ అభ్యర్థి దేవరావ్ భోంగ్లే ఆధిక్యం సుమారు 3 వేలు. మూడో స్థానంలో నిలిచిన వామన్‌రావ్ చటప్‌కు వచ్చిన ఓట్లు 50 వేలకు పైనే. 2019లో ఇదే చటప్ కాంగ్రెస్ చేతిలో సుమారు రెండున్నర వేల తేడాతో ఓడిపోయారు. ఏడు నెలల్లో ఒక ప్రాంతం తన సిద్ధాంతం మార్చుకోదు. ఈ అంకెలను అర్థం చేసుకోవాలంటే ముందు చటప్‌ను అర్థం చేసుకోవాలి. 1990లో ఆయన జనతాదళ్ టికెట్టు మీద గెలిచారు. 2004లో శరద్ జోషి స్థాపించిన స్వతంత్ర భారత్ పక్షం తరఫున గెలిచారు. మొదటిదాన్ని పుస్తకాలు మధ్యేవాదానికి ఎడమన పెడతాయి, రెండోదాన్ని కుడికొసన పెడతాయి. నాయకుడు అతనే, అతని వెనకున్న జోషి రైతు ఉద్యమం షేత్కరీ సంఘటనా అదే, పత్తి రైతూ అతనే.

ఆ రైతు అక్కడ ఎందుకు నిలబడ్డాడో ఉప్పర్వాహి లాంటి ఊరి నుంచి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే అంబుజా వారి మరాఠా సిమెంట్ వర్క్స్ గుర్తొస్తుంది. ఫ్యాక్టరీకి ముందు అది పత్తి, జొన్న పండే నేల. పెన్‌గంగ, వార్ధా నదులకు దక్షిణాన ఉన్న ఈ భాగం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లా, రాజురా తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 8వ సెక్షన్ రాజురా, కిన్వట్ తాలూకాలను ఆదిలాబాద్ నుంచి విడదీసి బొంబాయి రాష్ట్రంలో కలిపింది. రాజురాను మొదట నాందేడ్ జిల్లాకు జోడించారు, 1959లో చాందాకు (ఇప్పటి చంద్రపూర్) మార్చారు. ప్రత్యేక విదర్భ కోసం నేడు ఇంత గట్టిగా మాట్లాడే రాజురా విదర్భ జిల్లాల్లో చేరింది అప్పుడే. అంటే ఆ డిమాండు ఇక్కడ వారసత్వంగా వచ్చింది కాదు, అనుభవంలోంచి పుట్టింది.

ఆ అనుభవంలో పెద్ద భాగం పత్తిది. 1971లో మహారాష్ట్ర చేసిన ముడిపత్తి చట్టం ప్రకారం 1972 నుంచి పత్తి కొనే హక్కు ప్రభుత్వం ఒక్కదానిదే అయింది. రైతు బండి కట్టుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్లాలి. గ్రేడర్ బోరెంలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసి, పింజ లాగి చూసి గ్రేడు చెబుతాడు. ఆ మాట మీదే ధర. డబ్బు విడతల మీద వస్తుంది. గ్రేడు నచ్చకపోతే సరుకు వెనక్కి తోలుకుపోయి ఇంకొకరికి అమ్ముకునే వీలు లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఇంకొక కొనుగోలుదారు లేడు. ఉప్పర్వాహి దగ్గరి కోర్పనా నుంచి బేల మీదుగా వెళితే ఆదిలాబాద్ మార్కెట్. మధ్యలో దాటాల్సిన పెద్ద నది కూడా లేదు. 1956 దాకా అది వాళ్ల సొంత జిల్లా కేంద్రం. అక్కడ ధర బాగున్న ఏడాది పత్తి తోలుకెళ్లడం నేరమైంది. ఈ గుత్తాధిపత్యం 2002 దాకా, ముప్ఫై ఏళ్లు సాగింది. ప్రభుత్వాన్ని మార్కెట్లోంచి తప్పుకోమన్న రైతు ఏ ఆర్థికశాస్త్ర గ్రంథమూ చదివి ఆ మాట అనలేదు.

మరి అదే రైతు రుణమాఫీ ఎందుకు అడుగుతాడని వెంటనే ఎదురు ప్రశ్న వేస్తారు. శరద్ జోషి దీనికి సూటిగా జవాబిచ్చారు: ధరను తొక్కిపట్టి రైతును అప్పులపాలు చేసింది ప్రభుత్వమే కాబట్టి మాఫీ దానం కాదు, బాకీ చెల్లింపు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అందులో పొంతన ఉంది.

తెలుగు పాఠకుడికి ఈ దారి కొత్త కాకూడదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించినప్పుడు ఎదురుతిరిగినవారిలో ముందున్నది నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. ఆ ఏడే రాజాజీతో కలిసి నిలబెట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడూ ఆయనే. 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 29 స్థానాలు వచ్చాయి. నక్సలైట్ పోరాటం రాజుకుంటున్న శ్రీకాకుళం ఆ ఏడాదే రంగాను లోక్‌సభకు పంపింది. అప్పుడు ఆ జిల్లా ఎడమనుందా, కుడినుందా? భూమి విషయంలో రాజ్యం జోక్యాన్ని ఎదిరించిన రైతూ, షావుకారు కబ్జాను ఎదిరించిన గిరిజనుడూ ఒకే జిల్లాలో ఉన్నారు, అంతే.

రంగాకు ఉన్న ఒక సౌలభ్యం శరద్ జోషికి లేకపోయింది. తాము సోషలిస్టులం కామని స్వతంత్ర పార్టీ బాహాటంగా చెప్పి ఎన్నికల్లో నిలబడింది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షన్ అమల్లోకి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. దాని 5వ ఉపసెక్షన్ ప్రకారం, నమోదు కోరే ప్రతి పార్టీ తన నియమావళిలో రాజ్యాంగానికీ, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్య సూత్రాలకూ నిజమైన విధేయత చూపుతామని ప్రత్యేకంగా రాసివ్వాలి. అంటే ఈ దేశంలో నమోదైన ప్రతి పార్టీ కాగితం మీద ఎడమనే ఉంది. మహారాష్ట్రలో మిగిలిన స్వతంత్ర పార్టీ వారు దీన్ని 1996లో బొంబాయి హైకోర్టులో సవాలు చేశారు. రాజ్యసభ సభ్యుడిగా శరద్ జోషి అందులోంచి సోషలిజం అన్న పదం తొలగించాలని ప్రైవేటు బిల్లు పెట్టారు. నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు.

రాజురా ఫలితం వెలువడిన రెండు రోజులకు, 2024 నవంబరు 25న, రాజ్యాంగ పీఠికలోని సోషలిస్టు, లౌకిక పదాలను తీసేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. భారతీయ సోషలిజం అంటే సంక్షేమ రాజ్యమేననీ, ప్రైవేటు రంగానికి అది అడ్డు కాదనీ వివరించింది. పీఠిక విషయంలో ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ పీఠిక రాజ్యం స్వభావాన్ని చెబుతుంది. 29ఏ(5) పార్టీల చేత ప్రమాణం చేయిస్తుంది. సోషలిజం అన్న పదంలో అన్ని ఆర్థిక విధానాలూ ఇమిడేటట్లయితే దాని మీద ప్రమాణం దేనికి? ఇమడవంటే, పత్తి రైతు తన పార్టీ చేత అబద్ధం రాయించుకుని ఓటు అడుగుతున్నట్టే.

ఉప్పర్వాహి పత్తి చేలతోనే ఆగిపోదు. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ కాంట్రాక్టు కార్మికుడికి ప్రభుత్వం తప్పుకోవడం కాదు, రావడం కావాలి. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద ప్రభుత్వం ఒక పనిలో కాంట్రాక్టును నిషేధించినా, ఆ కార్మికులు దానంతటదే పర్మనెంట్ కారని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. అటవీ భూమి పట్టా కోసం ఎదురుచూసే గోండు, కొలాం రైతుకూ రాజ్యమే సంతకం పెట్టాలి. ఒకే కుటుంబంలో అన్న పత్తి పండిస్తూ, తమ్ముడు సిమెంటు పనికి వెళ్తుంటే ఆ ఇంటి ఓటు ఎటు అని అడగడంలో అర్థం లేదు. ధర దగ్గర ప్రభుత్వం వద్దు, కూలి దగ్గర ప్రభుత్వం కావాలి అన్న రెండు మాటలూ ఆ ఇంట్లో ఒకేసారి నిజం.

గుత్తాధిపత్య కొనుగోలు కనీసం ఒక ధరకు హామీ ఇచ్చిందని వాదించేవారున్నారు. ఆ పథకం పోయాక విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యలు ఆగలేదన్నదీ నిజమే. అయినా హామీ ఇచ్చిన చేయే సరిహద్దు దగ్గర బండిని ఆపింది. దాన్ని రైతు పక్షపాతం అనలేం.

వరల్డ్ వాల్యూస్ సర్వే మాదిరిగా ఒకటి నుంచి పది దాకా గీత గీసి, ఎడమన ఉన్నావా కుడిన ఉన్నావా అని అడిగితే రాజురా ఓటరు మధ్యలో వేలు పెట్టవచ్చు. దాన్ని సిద్ధాంతం లేనితనంగా చదవడం అన్యాయం. అతను ఏ పనిలో రాజ్యం చెయ్యి కావాలో, ఏ పనిలో వద్దో చాలామంది విశ్లేషకుల కన్నా స్పష్టంగా చెప్పగలడు. ఆ మాట నిజాయితీగా చెప్పే పార్టీలను నిలబెట్టుకునే హక్కు అతనికి ఉండాలంటే, పార్లమెంటు 29ఏ(5) నుంచి సోషలిజం ప్రమాణాన్ని తీసెయ్యాలి. రాజ్యాంగానికీ, ప్రజాస్వామ్యానికీ, లౌకికవాదానికీ విధేయత చాలు. ఆర్థిక విధానం మీద తీర్పు చెప్పాల్సింది ఓటరు, నమోదు పత్రం కాదు.